యుద్ధంలో పక్షాలెన్ని? చాద్ సరస్సు చుట్టూ ఉన్న స్త్రీల వైపు నుంచి

(స్త్రీల హక్కుల మీద జరిగిన అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం. సభలో వచ్చిన ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును కూడా చివర చేర్చాం. - సం.)



"సరిహద్దులు దాటిన ఇస్లామిక్ సాయుధ తిరుగుబాటు, అందులోని ప్రధాన పక్షాలు" అన్నది నాకిచ్చిన అంశం. వినగానే ఇదేదో మిలిటరీ కాలేజీలో చెప్పాల్సిన పాఠం, మనకెందుకని కొందరికి అనిపించి ఉంటుంది. కానీ యుద్ధంలో పక్షాలెవరో తేల్చే పనిని మిలిటరీ వాళ్లకే వదిలేస్తే మనకే నష్టం. పక్షంగా గుర్తింపు పొందినవాళ్లతోనే చర్చలు జరుగుతాయి. ఖైదీల మార్పిడులు, క్షమాభిక్షలు, పునరావాస పథకాలు అన్నీ వాళ్లను దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. ఆ జాబితాలో లేనివాళ్లు బాధితులవుతారు. బాధితులకు బియ్యం, దుప్పట్లు ఇస్తారు గానీ, ఈ యుద్ధం గురించి మీరేమంటారని ఎవరూ అడగరు.

ఈ మాట ఊరికే అనడం కాదు. ఒక యుద్ధాన్ని తీసుకుని చూద్దాం. నైజీరియా ఈశాన్య మూలలో మొదలై కామెరూన్, నైజర్, చాద్ దేశాలకు పాకిన బోకో హరామ్ యుద్ధం అది. నేను అక్కడికి వెళ్లినదాన్ని కాదు. హక్కుల సంఘాల నివేదికలు, అక్కడి స్త్రీల సంఘాల ప్రకటనలు చదివి చెప్తున్నాను.

ముందు ఆ చోటు గురించి కొంచెం. నాలుగు దేశాలూ కలిసే చోట చాద్ సరస్సు ఉంది. 1960లలో సుమారు 25,000 చదరపు కిలోమీటర్లున్న ఆ నీరు, 1980ల కరువుల నాటికి పదో వంతుకు పడిపోయింది. చుట్టూ కనూరి మాట్లాడే జనం నాలుగు దేశాల్లోనూ ఉన్నారు. ఒకప్పుడు వాళ్లది బోర్నూ రాజ్యం. ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, జర్మన్లు గీతలు గీసి పంచుకున్నారు. ఆ గీతల్ని పెళ్లి సంబంధాలు గానీ, పశువుల సంతలు గానీ, చేపల వ్యాపారం గానీ పెద్దగా పట్టించుకోలేదు. అందుకే తిరుగుబాటు సరిహద్దు దాటిందని పేపర్లో రాసినప్పుడు, అక్కడివాళ్లకది మేనత్త ఊరికి వెళ్లినంత దూరమే అని గుర్తుపెట్టుకోవాలి.

బోకో హరామ్ అనేది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. పాశ్చాత్య చదువు నిషిద్ధం అని హౌసా భాషలో దానర్థం. చుట్టుపక్కల జనం వాళ్లని అలా పిలిచారు. 2002 ప్రాంతంలో బోర్నో రాష్ట్ర రాజధాని మైదుగురిలో మహమ్మద్ యూసుఫ్ అనే యువ మతబోధకుడి చుట్టూ ఆ బృందం తయారైంది. అతను చెప్పినదాంట్లో సగం మతం, సగం ప్రభుత్వం మీద కోపం. నూనె డబ్బుతో దేశం నడుస్తుంటే ఉత్తరాన బళ్లు లేవు, ఉద్యోగాలు లేవు, లంచం ఇవ్వందే పని జరగదు. చదువుకున్నవాళ్లే ఈ దోపిడీ చేస్తున్నారు కాబట్టి ఆ చదువే పాపం అన్నాడు. ఈ తర్కం మనకు నచ్చనక్కర్లేదు. కానీ అది ఎవరి చెవికెక్కిందో అర్థం చేసుకోవాలి.

2009 జులైలో తిరుగుబాటు, దాని అణచివేత కొద్ది రోజుల్లో ముగిశాయి. వందల మంది చచ్చిపోయారు. యూసుఫ్‌ను సైన్యం ప్రాణాలతో పట్టుకుని పోలీసులకు అప్పగించింది. కొన్ని గంటల్లో అతను శవమయ్యాడు. పారిపోబోతుంటే కాల్చామని పోలీసులు చెప్పారు. ఆ వాక్యం మనకు కొత్త కాదు, ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది దాన్ని తెలుగులోనే ఎన్నోసార్లు చదివారు. ఆ తర్వాత నాయకత్వం అబూబకర్ షెకావ్ చేతికి వచ్చింది. మైదుగురిలో ప్రసంగాలిచ్చే బృందం, ఊళ్లను తగలబెట్టే సైన్యంగా మారింది. 2014 ఆగస్టులో గ్వోజా పట్టణంలో ఖలీఫా రాజ్యం ప్రకటించారు. 2015లో ఐసిస్‌కి విధేయత చెప్పారు. 2016లో చీలిపోయారు. ఐసిస్ గుర్తింపు పొందిన వర్గాన్ని ఇస్లామిక్ స్టేట్ పశ్చిమాఫ్రికా ప్రావిన్సు, పొట్టిగా ఇస్వాప్ అంటారు. దానికి ఐసిస్ నియమించిన నాయకుడు యూసుఫ్ కొడుకే. 2021 మేలో సాంబిసా అడవిలో ఇస్వాప్ చుట్టుముట్టినప్పుడు షెకావ్ చచ్చిపోయాడు. అతని వర్గంలో మిగిలినవాళ్లు సరస్సు దీవుల్లో, కొండల్లో ఉండి పోరాటం సాగిస్తున్నారు. వీళ్లందరికంటే ముందే, 2012లో, అన్సారు అనే ముక్క విడిపోయింది.

ఇది పేపర్లు చెప్పే జాబితాలో మొదటి సగం. రెండో సగం నాలుగు ప్రభుత్వాలు, బెనిన్‌ను కూడా కలుపుకుని 2015లో కొత్తగా కట్టిన ఉమ్మడి సైనిక దళం, దాని కేంద్ర కార్యాలయం చాద్ రాజధాని ఎంజమీనాలో. 2025 మార్చిలో నైజర్ అందులోంచి తప్పుకుంది. సైనిక నిపుణుల పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. మనం ఇక్కడ మొదలుపెడదాం.

చిబోక్ పేరు మీరందరూ విన్నారు. 2014 ఏప్రిల్ 14 రాత్రి బోర్నోలోని ఆ ఊరి ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాల నుంచి 276 మంది అమ్మాయిల్ని ఎత్తుకుపోయారు. 57 మంది మొదట్లోనే లారీల నుంచి దూకో, దారిలో తప్పించుకునో బయటపడ్డారు. మిగతావాళ్లలో 21 మందిని 2016 అక్టోబరులో, 82 మందిని 2017 మేలో వదిలారు. ఆ రెండోసారి విడుదలకు బదులుగా ప్రభుత్వం పట్టుబడిన కమాండర్లను వదిలిపెట్టింది. పదేళ్లు గడిచేనాటికి ఇంకా ఎనభై మందికి పైగా ఇంటికి చేరలేదు.

అందరికీ తెలిసిన ఈ సంగతికి ముందు జరిగింది చాలామందికి తెలియదు. ఆడవాళ్లని ఎత్తుకుపోవడం చిబోక్‌తో మొదలవలేదు, బోకో హరామ్ ఒక్కటే మొదలుపెట్టలేదు కూడా. 2011 చివరి నుంచి నైజీరియా భద్రతా బలగాలు బోకో హరామ్ నాయకుల భార్యల్ని, పిల్లల్ని అరెస్టు చెయ్యడం మొదలుపెట్టాయి. వాళ్లు ఏ నేరం చేశారని? ఫలానావాడి భార్య కావడమే. షెకావ్ కుటుంబంలోని స్త్రీలు కూడా అందులో ఉన్నారు. మా ఆడవాళ్లను పట్టుకుంటే మీ ఆడవాళ్లను పట్టుకుంటామని అతను వీడియోల్లో బెదిరించాడు. 2013 మేలో బామా పట్టణం మీద దాడి చేసి స్త్రీలను, పిల్లల్ని ఎత్తుకుపోయి, మా భార్యాబిడ్డల్ని వదిలేదాకా వీళ్లు మా దగ్గర దాసీలు అన్నాడు. ఆ నెలలోనే నైజీరియా అధ్యక్షుడు నిర్బంధంలో ఉన్న అనుమానితుల్లో స్త్రీలను విడుదల చెయ్యమని ఆదేశించాడు.

ఈ వరస ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. ఒకరు రాజ్యాంగం పేరు చెప్పారు, ఒకరు దేవుడి పేరు చెప్పారు. ఇద్దరూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. శత్రువును లొంగదీసుకోవాలంటే వాడి ఆడవాళ్లను పట్టుకోవాలి అని. ఆడది మగవాడి ఆస్తి అనే సూత్రం మీద సంతకం పెట్టిన తర్వాతే ఈ రెండు పక్షాలూ యుద్ధానికి దిగాయి. చిబోక్ ఆ సూత్రం పెద్ద ఎత్తున అమలైన రాత్రి.

దానికి రెండు నెలల ముందే, 2014 ఫిబ్రవరిలో, యోబే రాష్ట్రంలోని బునియాది ఫెడరల్ కాలేజీ హాస్టల్లో 59 మంది మగపిల్లల్ని చంపారు. ఆడపిల్లల్ని మాత్రం వదిలేసి, ఇంటికి పోయి పెళ్లి చేసుకోండని చెప్పారు. మగపిల్లలు చచ్చిపోయారు కాబట్టి అది ఊచకోత. ఆడపిల్లలు బతికారు కాబట్టి దయ. అలాగే అనుకున్నారందరూ. ఆ దయకు ఇంకో పేరుందని రెండు నెలల తర్వాత తెలిసింది.

వాళ్ల మధ్యకు వెళ్లిన స్త్రీలందరూ ఎత్తుకుపోబడ్డవాళ్లే అని అనుకోవద్దు. ఇది చెప్పడం మనకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. కొందరు ఇష్టంగా వెళ్లారు. మొగుడి వెంట వెళ్లినవాళ్లున్నారు, వద్దనుకున్న పెళ్లి నుంచి పారిపోయినవాళ్లున్నారు. పెళ్లి సొమ్ము తండ్రి చేతికి కాకుండా పిల్ల చేతికే ఇచ్చారనీ, ఖురాన్ చదవడం నేర్పారనీ, ఎండలో పొలం పని తప్పిందనీ పరిశోధకులతో చెప్పినవాళ్లున్నారు. కమాండర్ భార్యగా ఉన్నప్పుడు ఎత్తుకొచ్చిన ఇతర స్త్రీల మీద పెత్తనం చేసి, బయటికొచ్చాక శిబిరంలో తిండి కోసం క్యూలో నిలబడలేక తిరిగి వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లని సమర్థించడానికి చెప్పడం లేదు. ఒక ఆడపిల్లకు బోకో హరామ్‌లో దొరికింది బయట దొరకలేదంటే, బయట ఉన్నదేమిటి అని అడగాలి కదా.

ఇక బాంబులు. 2014 జూన్‌లో గోంబేలో మొదటిసారి ఒక స్త్రీ ఆత్మాహుతి దాడి చేసింది. ఆ తర్వాత అది అలవాటైపోయింది. 2011 నుంచి 2017 మధ్య దాకా బోకో హరామ్ వాడిన 434 మంది ఆత్మాహుతి బాంబర్లను అమెరికా వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ పరిశోధకులు లెక్కగడితే సగానికి పైగా స్త్రీలే. చాలామంది చిన్నపిల్లలు. 2016 ఫిబ్రవరిలో దిక్వా నిర్వాసితుల శిబిరానికి ముగ్గురు అమ్మాయిల్ని బాంబులు కట్టి పంపారు. ఇద్దరు పేల్చుకున్నారు, యాభై మందికి పైగా చచ్చిపోయారు. మూడో అమ్మాయి ఆ శిబిరంలో తన అమ్మానాన్న ఉన్నారని తెలిసి, బాంబు పక్కన పడేసి లొంగిపోయింది. ఆమె ఏ పక్షం? ఏ జాబితాలోనూ ఆమెకు గడి లేదు.

ఈ బాంబులకు ప్రభుత్వాలు కనిపెట్టిన మందు చూడండి. 2015లో ఎంజమీనాలో పేలుళ్లు జరిగాక చాద్ ప్రభుత్వం బురఖా నిషేధించింది. కామెరూన్ ఉత్తర కొసన, నైజర్‌లో దిఫ్ఫా ప్రాంతంలో కూడా అదే ఏడాది నిషేధం వచ్చింది. ఒకపక్క ముసుగు లేకపోతే కొడతామనేవాళ్లు, ఇంకోపక్క ముసుగు ఉంటే పట్టుకుంటామనేవాళ్లు. సంతకు పోయి నాలుగు చేపలు అమ్ముకోవాల్సిన మనిషి పొద్దున ఏం కట్టుకుని బయల్దేరాలి? ఆడవాళ్ల గుడ్డ గురించి ఇంత తేలిగ్గా చట్టం చెయ్యగలిగిన ప్రభుత్వాలు, ఆడవాళ్ల పంటను కాపాడటంలో ఆ వేగం చూపించలేదు. దిఫ్ఫాలో మిరప పండుతుంది. దాన్ని అక్కడ కూడా మన గుంటూరులో లాగే ఎర్ర బంగారం అంటారు. బోకో హరామ్‌కు డబ్బు అందకుండా చేస్తామని మిరప, చేపల వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు, మోటారు సైకిళ్లు నిషేధించారు. సాయుధులకు డబ్బు ఆగిందో లేదో గానీ, కల్లంలో కాయ మాత్రం ఆగింది.

సైన్యాల గురించి ఇప్పుడు మాట్లాడదాం. వాళ్లే రక్షకులని రాసుకున్నారు కాబట్టి వాళ్లను ఇంకొంచెం గట్టిగా అడగాలి.

మైదుగురిలో గివా బారక్స్ అని ఒక సైనిక స్థావరం ఉంది. 2014 మార్చిలో బోకో హరామ్ దాని మీద దాడి చేసి ఖైదీలను వదిలేసింది. అలా బయటికొచ్చి మళ్లీ దొరికినవాళ్లలో, చేతిలో ఆయుధం లేనివాళ్లే ఎక్కువ, 600 మందికి పైగా సైన్యం చంపేసిందని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తేల్చింది. 2011 మార్చి నుంచి నాలుగేళ్లలో కనీసం ఏడు వేల మంది మగవాళ్లు, అబ్బాయిలు సైనిక నిర్బంధంలో ఆకలితో, దాహంతో, రోగాలతో, చిత్రహింసలతో చచ్చిపోయారని అదే సంస్థ 2015లో రాసింది. అదే గివాలో స్త్రీలను పసిపిల్లలతో సహా పెట్టారు. 2016లో మొదటి నెలల్లోనే అక్కడ చనిపోయిన 149 మందిలో కనీసం పదకొండు మంది ఆరేళ్లలోపు పిల్లలు.

కామెరూన్ సంగతి. 2018 జులైలో ఒక వీడియో బయటికొచ్చింది. సైనికులు ఇద్దరు స్త్రీలను మట్టిరోడ్డు మీద నడిపించుకుంటూ పోతున్నారు. ఒకామె చేతిలో చిన్నపిల్ల, ఇంకొకామె వీపుకు కట్టుకున్న పసిబిడ్డ. కళ్లకు గుడ్డ కట్టి నలుగుర్నీ కాల్చేశారు. ప్రభుత్వ ప్రతినిధి అది అబద్ధపు వార్త అన్నాడు. బీబీసీ పరిశోధకులు వీడియోలో వెనకాల కనిపించే కొండల వరసను బట్టి అది కామెరూన్‌లోని జెలెవెట్ అనీ, 2015లో జరిగిందనీ నిరూపించారు. 2020లో సైనిక న్యాయస్థానం నలుగురు సైనికులకు పదేళ్ల జైలు వేసింది. వీడియో లేకపోతే? కొండల ఆకారం గుర్తుపట్టే ఓపిక ఎవరికీ లేకపోతే? ఆ ఇద్దరు స్త్రీలు ఉగ్రవాదుల లెక్కలో కలిసిపోయి ఉండేవాళ్లు. చెరి ఒకటిగా, పిల్లలతో కలిపి నాలుగు.

మూడో రకం పక్షం ఒకటుంది. 2013లో మైదుగురి కుర్రాళ్లు కర్రలు, కత్తులు పట్టుకుని వీధుల్లో కాపలా మొదలుపెట్టారు. తర్వాత దానికి సివిలియన్ జాయింట్ టాస్క్ ఫోర్స్ అని పేరొచ్చింది. సుమారు 26,000 మంది చేరారు. పౌరుల చేతికి ఆయుధమిచ్చి పౌరుల మీదికి వదిలితే ఏమవుతుందో సల్వా జుడుంలో చూశాం. పారిపోయి మన ఖమ్మం అడవుల్లోకి వచ్చిన ఆదివాసీలనూ చూశాం. 2011లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. అయితే ఆ రెంటినీ ఒకే గాటన కట్టలేం. మైదుగురి కుర్రాళ్లకు ఒకపక్క బోకో హరామ్, ఇంకోపక్క గుడ్డిగా అరెస్టులు చేసే సైన్యం, మధ్యలో నలిగి చావలేక వాళ్లు లేచారు. నగరంలో దాడులు తగ్గాయి కూడా. ఆడ బాంబర్లు వచ్చాక ఆడవాళ్లను తనిఖీ చెయ్యడానికి స్త్రీలు కూడా అందులో చేరారు. కానీ ఎవరు బోకో హరామో వేలు పెట్టి చూపించే అధికారం ఒకసారి చేతికొచ్చాక ఆ వేలు ఎటైనా తిరుగుతుంది. పాత పగలు, భూమి తగాదాలు, కాదన్న పిల్ల.

2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ మైదుగురిలోని ఏడు నిర్వాసితుల శిబిరాల్లో 43 మంది స్త్రీలతో, బాలికలతో మాట్లాడింది. వాళ్లపై లైంగిక దాడి చేసినవాళ్లెవరంటే శిబిరాల పెద్దలు, కాపలాదళం వాళ్లు, పోలీసులు, సైనికులు. అన్నానికి, బయటికెళ్లే అనుమతి చీటీకి శరీరం ధర. బోకో హరామ్ చెర నుంచి బయటపడి వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్లను శిబిరంలో పక్కవాళ్లు కూడా దగ్గరికి రానివ్వరు. సాంబిసా పెళ్లాలు అంటారు, అన్నోబా అంటారు. అంటే అంటువ్యాధి. వాళ్ల కడుపున పుట్టిన పిల్లల్ని చెడ్డ రక్తం అంటారు. 2022 డిసెంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ, సైన్యం 2013 నుంచి రహస్యంగా కనీసం పదివేల గర్భస్రావాలు చేయించిందనీ, చాలామందికి చెప్పకుండానో బలవంతంగానో చేశారనీ రాసింది. సైన్యం కాదంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసిన విచారణ బృందం 2024లో ఆధారాలు దొరకలేదంది. ఈ రెండింటి మధ్యా మాట్లాడాల్సినవాళ్లు ఆ స్త్రీలు. యూనిఫాం వేసుకున్నవాళ్ల కాపలాలో బతుకుతూ ఏ విచారణ బృందం ముందు నోరు విప్పుతారు?

ఇన్ని చెప్పాక నేను అసలు చెప్పాలనుకున్న పక్షం దగ్గరికి వస్తాను. క్నీఫార్ అనే ఉద్యమం.

2015 నుంచి సైన్యం బోకో హరామ్ చేతిలో ఉన్న ఊళ్లను తిరిగి పట్టుకుంటూ జనాన్ని శిబిరాల్లోకి తరలించింది. ఊరి మొదట్లోనే ఆడవాళ్లను ఒకవైపు, మగవాళ్లను ఒకవైపు నిలబెట్టేవాళ్లు. పరీక్ష చేస్తాం అనేవాళ్లు. వయసులో ఉన్న మగవాళ్లు గివాకి పోయారు. ఆడవాళ్లను బామా ఆస్పత్రి ఆవరణలోని శిబిరంలో పెట్టి బయటికి పోనివ్వలేదు. తిండి లేదు. 2016 జూన్‌లో సరిహద్దులు లేని వైద్యుల సంస్థ అక్కడికి వెళ్లినప్పుడు శిబిరం పక్కన గడిచిన ఏడాదిలో తవ్విన 1,233 గోతులు లెక్కపెట్టారు. అందులో 480 పిల్లలవి. బోకో హరామ్ నుంచి విముక్తి పొందిన ఊళ్లవాళ్లే వీళ్లందరూ, ప్రభుత్వ లెక్క ప్రకారం.

అక్కడ బతికి బయటపడి మైదుగురి శిబిరాలకు చేరిన స్త్రీలు, చదువు రానివాళ్లే ఎక్కువ, ఒక పని మొదలుపెట్టారు. పేర్లు రాయించారు. పట్టుకుపోయిన మగవాళ్ల పేర్లు, ఏ రోజు, ఏ ఊళ్లో, ఎవరు పట్టుకుపోయారు. శిబిరంలో చచ్చిపోయినవాళ్ల పేర్లు. అలా వందల పేర్లు. 2017లో ప్రభుత్వం సైన్యంపై ఆరోపణలు విచారించడానికి అధ్యక్షుడి పేరు మీద ఒక విచారణ సంఘం వేస్తే, ఈ స్త్రీలు మైదుగురిలో దాని ముందుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. వాళ్ల కోరికలు రెండే. మా మగవాళ్లు బతికుంటే కోర్టులో నిలబెట్టండి, లేదా వదలండి. మమ్మల్ని చెరిచినవాళ్లను శిక్షించండి. మాకు న్యాయం జరిగేదాకా సంఘం రద్దు చెయ్యమన్నారు.

యుద్ధం చేస్తున్న ఏ పక్షానికీ వీళ్లు చెందరు. బోకో హరామ్ దృష్టిలో పారిపోయినవాళ్లు, సైన్యం దృష్టిలో శత్రువు భార్యలు, సహాయ సంస్థల దృష్టిలో లబ్ధిదారులు. ఈ మూడు పేర్లూ కాదని వాళ్లు నాలుగో పేరు పెట్టుకుని ఒక జాబితా పట్టుకుని నిలబడ్డారు. ఈ యుద్ధంలో ప్రధాన పక్షాలెవరని నన్నడిగితే క్నీఫార్‌ను వదిలేసి నేను జవాబు చెప్పలేను.

వాళ్లు ఒంటరిగా కూడా లేరు. అబూజాలో ఒబి ఎజెక్‌వెసిలి, ఆయిషా యెసుఫు మరికొందరు కలిసి చిబోక్ పిల్లల కోసం రోజూ సాయంత్రం యూనిటీ ఫౌంటెన్ దగ్గర కూర్చున్నారు. 2014 జూన్‌లో పోలీసులు ఆ ధర్నాలను నిషేధించబోయి వెనక్కి తగ్గారు. ప్రపంచంలోని పెద్దవాళ్లు ఒక ఫోటో దిగి మర్చిపోయినా, వీళ్లు ఏళ్ల తరబడి అక్కడే కూర్చున్నారు. మైదుగురిలో హంసతు అల్లామిన్ రెండు వైపులా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల్ని ఒకచోట కూర్చోబెట్టింది. జన్నా ముస్తఫా అనే లాయరు 2007లోనే అనాథల కోసం ఒక బడి పెట్టాడు. సైనికుల పిల్లలు, బోకో హరామ్ వాళ్ల పిల్లలు అందులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. చిబోక్ అమ్మాయిల విడుదలకు మధ్యవర్తిత్వం చేసినవాళ్లలో ఆయన ఒకడు. రెండు పక్షాలూ నమ్మగలిగిన మనిషి ఒక బడిపంతులు అయ్యాడంటే, చదువు నిషిద్ధం అన్నవాళ్ల పిల్లలకు చదువు చెప్పడం వల్లే.

సహాయ సంస్థల్లో పనిచేసేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకని ఒక సంగతి. 2018 మార్చిలో రాన్ పట్టణం నుంచి ఇస్వాప్ రెడ్ క్రాస్‌లో పనిచేసే ఇద్దరు మంత్రసానుల్ని, ఇంకో నర్సును ఎత్తుకుపోయింది. ఆ ఇద్దరు మంత్రసానులూ ముస్లిం స్త్రీలే. సెప్టెంబరులో ఒకర్ని, అక్టోబరులో ఒకర్ని చంపేశారు. షెకావ్‌తో పోలిస్తే ఇస్వాప్ మెతక అనీ, సాధారణ ముస్లింల జోలికి పోదనీ, పన్ను వసూలు చేసి తగాదాలు తీరుస్తుందనీ నిపుణులు రాశారు. ఆ లెక్కల్లో నిజం కొంత ఉంది. కానీ ప్రసవాలు చేసే చేతులు వాళ్లకు నేరమయ్యాయి. అదే రాన్ మీద, 2017 జనవరిలో, నైజీరియా వైమానిక దళం బాంబులు వేసి నిర్వాసితుల్ని, సహాయ కార్యకర్తల్ని చంపింది. పొరపాటు అంది. ఒకే ఊరు, పద్నాలుగు నెలల్లో రెండు పక్షాలూ.

ప్రసంగం ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఈ విషయాలు ఇక్కడ చెప్తే ముస్లింలకు వ్యతిరేకంగా వాడుకోరా? మనం ఇంతదూరం నుంచి చెయ్యగలిగింది ఏమైనా ఉందా?

వాడుకుంటారు. ఇక్కడ మన ఊళ్లో పర్దాలో ఉన్న అమ్మాయిని కాలేజీ గేటు దగ్గర ఆపేవాళ్లు చిబోక్ పేరు చెప్పి ఆపగలరు. అందుకే ఈ కథను వాళ్ల చేతికి వదలకూడదు. బోకో హరామ్ చేతిలో చచ్చిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. దాన్ని ఎదిరించిన స్త్రీలలో అత్యధికులు ముస్లింలు. 1985లో పుట్టిన నైజీరియా ముస్లిం మహిళా సంఘాల సమాఖ్య ఆడపిల్లల చదువు కోసం బళ్లు నడుపుతోంది. ఆ పని బోకో హరామ్ పుట్టకముందు నుంచీ ఉంది.

రెండోదానికి ఒక పాత ఉదాహరణ చెప్తాను. 2002లో ఉత్తర నైజీరియాలో కత్సినా రాష్ట్రపు షరియా కోర్టు అమీనా లావాల్ అనే స్త్రీకి, పెళ్లి కాకుండా బిడ్డను కన్నదని రాళ్లతో కొట్టి చంపే శిక్ష వేసింది. ప్రపంచమంతా ఉత్తరాలు రాసింది. ఆమె తరఫున నిలబడ్డ బావోబాబ్ అనే స్త్రీల హక్కుల సంస్థ 2003లో ఒక బహిరంగ లేఖ రాసింది. దయచేసి మీ ఉత్తరాలు ఆపండి అని. వాటిలో చాలావరకు తప్పు సమాచారం ఉంది, ఇస్లాంను తిట్టే ఉత్తరాల వల్ల ఇక్కడ ఛాందసులకే బలం పెరుగుతోంది, కేసు నడిపేవాళ్లకు ప్రమాదం పెరుగుతోంది, ముందు మమ్మల్ని అడగండి అని. ఆ ఏడాది సెప్టెంబరులో అప్పీలు కోర్టులో, షరియా చట్టం లోపలి వాదనలతోనే, ఆమెను విడిపించుకున్నారు.

కాబట్టి వాళ్లు ఏమడుగుతున్నారో అదే మనం అడగొచ్చు. 2017 నాటి విచారణ సంఘం నివేదిక 2018 ఫిబ్రవరిలో అధ్యక్ష కార్యాలయానికి చేరింది. దాన్ని బయటపెట్టమని క్నీఫార్ స్త్రీలూ, హక్కుల సంఘాలూ అడుగుతూ వచ్చారు. 2020 డిసెంబరులో అంతర్జాతీయ నేర న్యాయస్థానపు ప్రాసిక్యూటర్ ఫాతూ బెన్సూదా, పదేళ్ల ప్రాథమిక పరిశీలన తర్వాత, బోకో హరామ్ నేరాలకూ నైజీరియా భద్రతా బలగాల నేరాలకూ తగిన ఆధారాలున్నాయని ప్రకటించింది. బోకో హరామ్ చేసినవాటిలో లైంగిక బానిసత్వం, బలవంతపు పెళ్లి ఉన్నాయి. పూర్తి విచారణకు న్యాయమూర్తుల అనుమతి అడగడమే తరువాయి అన్నారు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. మన తీర్మానాల్లో ఈ రెండూ రాద్దాం. ముసాయిదా రాసేవాళ్లు పంపే ముందు మైదుగురి స్త్రీల సంఘాలకు ఒకసారి చూపించి, వాళ్లు కొట్టేయమన్న వాక్యాలు కొట్టేసి పంపండి.